అబ్బ చెంప మీది నీలం

నా చిన్నప్పుడు మా మామ మీద వచ్చినంత విసుగు ఇన్నేళ్ళ జీవితంలో నాకు ఇంకెవరి మీదా రాలేదు. కట్టుకున్న మొగుడి మీద కూడా రాలేదంటే ఎంత విసుగో మీరే అర్థం చేసుకోండి. మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. రాయచోటిలో అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. లారీల వెనక తామరపూలు, చిలకలు వేసేవాడు. ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు గీసేవాడు. అన్నిటికంటే చనిపోయిన పెద్దల పటాలు గీయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. గోరంత ఫోటో ఇస్తే చాలు, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన పూలకుండీ పెట్టి, వెనకాల తెర వేలాడదీసి, మొహానికి పసుపూ గులాబీ కలిపిన రంగు పూసి పెళ్ళికొడుకులా దించేసేవాడు. ఆ పటాల్లో నల్లటి మనిషి ఒక్కడూ కనపడడు. మా చుట్టుపక్కల పల్లెల్లో చచ్చిపోయినవాళ్ళంతా ఎర్రగా, బుర్రగా ఉండేవాళ్ళే అని ఆ పటాలు చూసినవాళ్ళు అనుకోవాలి.

మా వైపు నాయనకు నాయనను అబ్బ అంటాం, అబ్బ భార్యను జేజి అంటాం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అబ్బ పోయాడు. ఆయనకంటూ ఒక్క ఫోటో లేదు. ఎవరిదో పెళ్ళిలో గుంపుగా తీసిన ఫోటోలో చివరి వరుసలో నిలబడి ఉన్నాడు. మొహం శెనగ్గింజంత. అందులోనూ సగం తలపాగా నీడలో పోయింది. జేజికేమో రెండు కళ్ళకూ పొరలు కమ్ముకుంటున్నాయి. ఆపరేషన్ చేయిద్దామంటే, పక్క ఊళ్ళో ఎవరికో ఉన్న చూపూ పోయిందంట, నాకొద్దు అని మొండికేసింది. మనుషులను నడకను బట్టి, గొంతును బట్టి గుర్తుపట్టేది. వెలుగూ చీకటీ తెలిసేవి, పెద్ద పెద్ద రంగులు తెలిసేవి. ఒకరోజు నేను ఆమె తల దువ్వుతూ ఉంటే, ఎవరికీ చెప్పని మాట నాతో చెప్పింది.

"కండ్లు పూరాగా మూసుకపోకముందు మీ అబ్బ మొగం ఒక్కసారి సూడాల పాపా. రోజురోజుకూ ఆ మొగం నాకు మతికి రాకుండా పోతాంది."

ఆ మాట నేను అమ్మకు చెప్పాను, అమ్మ నాయనకు చెప్పింది. అబ్బ సంవత్సరీకానికి పటం గీయించి, దాని ముందే కొత్త పంచె, తలపాగా గుడ్డ పెట్టాలని ఇంట్లో అనుకున్నారు. గీసేవాడు మనింటివాడే కదా, ఇంక దిగులేముంది అనుకున్నాం. సంవత్సరీకం మూడు వారాలుందనగా మామ రంగుల పెట్టెతో, మనిషంత ఎత్తున చెక్కచట్రానికి బిగించిన గుడ్డతో మా ఊళ్ళో బస్సు దిగాడు.

దిగినవాడు పాత మామ కాదు. కడపలో పాత పేపర్ల అంగట్లో ఆయనకు ఏదో దొరల దేశపు బొమ్మల పుస్తకం దొరికిందట. అట్ట లేదు, సగం పేజీలు లేవు, ఉన్న అక్షరాలు ఆయనకు రావు. బొమ్మలు మాత్రం ఆర్నెల్లుగా చూస్తున్నాడు. అందులో గడ్డి ఊదారంగులో ఉంది, నీడ నీలంగా ఉంది, మొహాలు దగ్గరికి పోతే మరకల్లాగా ఉన్నాయి. ఆ చూడటంలో ఏం పట్టుకుందో ఏమో, ఇంక నలుపు రంగు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. బోర్డుల కోసం తెచ్చుకున్న నల్లరంగు డబ్బాకు మూత బిగించి మా గడ్డివాములో పెట్టాడు. అబ్బను కుర్చీలో కూర్చోబెట్టనన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన కుర్చీలో కూర్చోలేదు, చచ్చినాక కూర్చోబెట్టేది ఎందుకు, ఎండలో నిలబెడతా అన్నాడు. ఇన్నేళ్ళూ ఊరందరికీ బాగా గీసి, ఇంట్లో పటం దగ్గరికొచ్చేసరికి ఈ కొత్త వేషం ఎందుకని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. తమ్ముడు కదా, కొట్టుకుని ఊరుకుంది.

ఇక నా గ్రహచారం మొదలైంది. అబ్బ మొహం అచ్చుగుద్దినట్టు నాకు వచ్చింది. రంగు కూడా ఆయనదే. నన్ను చూసిన ప్రతివాళ్ళూ, పాపం అబ్బ రంగే వచ్చిందే అని ఒక నిట్టూర్పు విడిచేవాళ్ళు. మా నాయన అక్క, మా పెద్దత్త, నన్ను పేరు పెట్టి కాకుండా కర్రిదానా అనే పిలిచేది. ఆ రంగు కోసమే మామ నన్ను పట్టుకున్నాడు. బడి నుంచి రాగానే పలక, పుస్తకాలు పడేసి, అబ్బ తలపాగా చుట్టుకుని, ముంగిట్లో ఎర్రమన్ను పూసిన గోడ పక్కన నిలబడాలి. మా ముంగిలి అంతా కడప బండలు పరిచి ఉండేది. మధ్యాహ్నమంతా కాగిన బండల మీద ఉత్తి కాళ్ళతో నిలబడితే ఎట్లుంటుందో నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. కాలు మార్చకూడదు, తల తిప్పకూడదు, ఈగ వాలినా తోలకూడదు. సరిగ్గా ఎదురుగోడ నీడ మూడో బండ అంచుకు వచ్చినప్పుడు మొదలుపెడతాడు, నాలుగో బండ తాకగానే ఆపేస్తాడు. అర్ధగంట పని. మిగిలిన ఇరవై మూడున్నర గంటలు గడ్డం గీక్కుంటూ దాని ముందు కూర్చుంటాడు. ఈరోజు వేసింది రేపు గీరేస్తాడు. ఇదేంది మామా అంటే, నిన్నటి వెలుగు వేరే పాపా అంటాడు. నా ఈడు పిల్లలు వీధిలో గెంతుతూ ఉంటే నేను తలపాగా కింద చెమటలు కక్కుతూ నిలబడి, లోపల్లోపల ఆయనను తిట్టని తిట్టు తిట్టాను.

ఇది చాలదన్నట్టు మోడాల గొడవ, అదే మబ్బుల గొడవ ఒకటి. ఆ ఏడు విత్తనం వేసి నెల దాటినా వాన లేదు. శెనక్కాయ మొక్కలు చేలో తలలు వేలేశాయి. ఊరు ఊరంతా ఆకాశం వైపు చూస్తోంది. ఒక సాయంత్రం పడమట చిన్న మోడం లేచింది. చేలోంచి వస్తున్న మా నాయన దాన్ని చూసి సంతోషంగా ముంగిట్లోకి అడుగుపెట్టేసరికి, మా మామ కుంచె విసిరికొట్టి, ఈ దరిద్రపు మోడం ఇప్పుడే రావాల్నా అని దాన్ని తిడుతున్నాడు. నాయనకు కళ్ళెర్రబడ్డాయి.

"ఊరంతా వాన కోసరం మొగం పైకెత్తుకోని సూస్తా ఉంటే, నువ్వు మోడాన్ని తిట్టుకుంటాండావు. ఏం మనిషివప్పా నువ్వు?"

మామ వంగి విసిరిన కుంచె ఏరుకున్నాడు. ఆ మోడం కురవనే లేదు. నాయన మాత్రం ఆ నేరం మామ మీదే వేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అన్నం దగ్గర ఒకరు తూర్పుకు, ఒకరు పడమటికి తిరిగి కూర్చునేవాళ్ళు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయేది. సంవత్సరీకం దగ్గరపడుతోంది.

ఒకరోజు మా ఇంటికి మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి పిల్ల పటం చూసి పోయి బడిలో చెప్పేసింది, వాళ్ళ అబ్బ చెంప నీలంగా ఉందే అని. ఇంక చూడండి. మధ్యాహ్నం బెల్లు దాకా అందరూ నా చెంప గిల్లి, రంగు అంటిందేమో అని వేళ్ళు చూసుకోవడమే. నాకు తల కొట్టేసినట్టయింది. అబ్బ పక్కన ఉన్నట్టు గుర్తొచ్చాడు. నీలం ఎక్కడిది ఆయనకు? నిగనిగలాడే నల్లటి మనిషి. జేజి చూడాలనుకున్నది ఆయనను గదా, ఈ నీలం మనిషిని చూసి ఏం గుర్తుపడుతుంది? ఉన్న నాలుగు రోజుల చూపూ వృథా అయిపోతుంది. ఆ ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు. సంవత్సరీకానికి ఇంక ఆరు రోజులే ఉంది.

అన్నానికి ఇంటికొచ్చాను. మామ స్నానానికి బావి దగ్గరికి పోయాడు. గడ్డివాములోంచి నల్లరంగు డబ్బా తీసి, చెంచాతో మూత ఊడబెరికి, చేతికి దొరికిన కుంచెతో అబ్బ ఎడమ చెంప, మెడ కింద నీడ, చెవి పక్క అంతా శుభ్రంగా నల్లగా పూసేశాను. పూసి దూరంగా నిలబడి చూసుకుంటే చాలా గర్వంగా అనిపించింది. ఇన్నాళ్ళకు పటానికి ఒక రూపం వచ్చిందనుకున్నాను.

మామ వచ్చాడు. తడి తువ్వాలు భుజాన వేసుకుని పటం ముందు ఆగిపోయాడు. కొడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒక దెబ్బ కొట్టి ఉంటే నాకూ తేలికగా ఉండేది. ఆయన అట్లాగే బండ మీద చతికిలబడ్డాడు. ఎవరి కోసరం చేసినావు పాపా ఈ పని అని అడిగాడు. జేజి కోసరం అన్నాను. అబ్బ నల్లగా ఉండేవాడు గదా, నీడ కూడా నల్లగా ఉంటుంది గదా అన్నాను.

"నీడ నల్లగా ఉంటాదని ఎవరు చెప్పినారు నీకు?"

ఎవరు చెప్పాలి? అది ఒకరు చెప్పే విషయమా? నాకు ఒళ్ళు మండింది. ఆయన లేచి, నా కొత్త లెక్కల నోటుబుక్కు అట్ట చింపేశాడు. అడగనైనా అడగలేదు. దాని మధ్యలో మేకుతో చిన్న బెజ్జం పొడిచి నా చేతికిచ్చాడు. ఎండలో నిలబెట్టి, నా ఎడమ చెయ్యి చాపమన్నాడు. ఒక కన్ను మూసుకుని, ఆ బెజ్జంలోంచి నా మోచేతి కింద నీడపడిన చోటు మాత్రమే చూడమన్నాడు. చెయ్యి అని మర్చిపో, అది ఎవరిదో మర్చిపో, ఆ బెజ్జంలో ఏం రంగు కనపడుతోందో అదే చెప్పు అన్నాడు.

నలుపు అన్నాను. మళ్ళీ చూడు అన్నాడు. నలుపే అన్నాను. మళ్ళీ అన్నాడు. బడికి టైమవుతోంది, అన్నం తినలేదు, ఈయన వదలడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని ఈసారి కుదురుగా చూశాను. అప్పుడు కనపడింది. నలుపు లేదక్కడ. వంకాయ తోలు ఎండలో ఎట్లుంటుందో ఆ రంగు ఉంది. కిందికి జరిపితే, బండ మీద నుంచి తిరిగొచ్చిన వెలుగు పడి నీలంగా ఉంది. గోడ వైపు తిప్పితే ఎర్రమన్ను రంగు అంచున కొద్దిగా పాకింది. ఎండ నేరుగా తగిలిన పక్క రాగిచెంబు తోమినప్పటి రంగు. అట్ట తీసేసి చూస్తే మళ్ళీ అదే నా నల్లటి చెయ్యి. అట్ట పెడితే ఇన్ని రంగులు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, ఒట్టి కోపంతో. పుట్టినప్పటి నుంచి అందరూ ఒకే మాట అంటున్నారే, ఒక్కరైనా సరిగా చూశారా నన్ను? పోనీ వాళ్ళు చూడలేదు, నా చెయ్యి నాతోనే ఉంది గదా, నేనైనా చూసుకున్నానా? ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక మామనే నాలుగు గుద్దులు గుద్దాను. ఆయన గుద్దించుకుని, కిరసనాయిల్లో తడిపిన గుడ్డపేలిక నా చేతిలో పెట్టాడు. నువ్వు పూసింది నువ్వే తుడువు అన్నాడు.

తుడిచాను. నలుపుతో పాటు కింద ఉన్న పచ్చి రంగులన్నీ ఊడొచ్చాయి. చూస్తూ చూస్తూ అబ్బకు చెంప లేకుండా పోయింది. మామ పదిహేను రోజులు నన్ను నిలబెట్టి, గీరి, మళ్ళీ వేసి నిలబెట్టిన చెంప అది. రేపు వేస్తాలే అన్నాడు. ఆ రేపటి నుంచే వాన పట్టుకుంది.

ఊరంతా పండగ. నాయన గొడుగు లేకుండా చేను చుట్టూ తిరిగి, తడిసి ముద్దై నవ్వుకుంటూ వచ్చాడు. మామ పంచలో పటం పక్కన మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన నేను. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. నాలుగో రోజు నాకు తెలియకుండానే, ఈ పాడు వాన ఇంకెన్నాళ్ళు పడుతుందో అని పైకే అనేశాను. ఆ మాట నాయన చెవిన పడి ఉంటే ఆ రోజే నన్ను మామతో పాటు రాయచోటికి పంపించేసేవాడు.

రేపు సంవత్సరీకం అనగా సాయంత్రం మబ్బు కొద్దిగా విడిచింది. ఎదురుగోడ నీడ అప్పటికే మూడో బండ దాటింది, మిగిలిన ఎండ పల్చగా నిలబడింది. చెప్పకముందే తలపాగా చుట్టుకుని పోయి నిలబడ్డాను. ఈసారి బండలు చల్లగా ఉన్నాయి. ఈగ వాలినా నేను కదల్లేదు. మామ కుంచె పక్కన పెట్టి, బొటనవేలితో, గుడ్డపేలికతో, దొరికినదానితో రంగు పెట్టాడు. పదినిమిషాలకే ఎండ పోయింది. దగ్గరికి పోయి చూస్తే చెంప లేదు, నాలుగైదు రంగుల ముద్దలున్నాయి, అంతే. రేపు జేజికి ఏం చూపిస్తాం అనుకున్నాను. మామ రంగుల పెట్టె మూసేసి పోయి పంచలో కూర్చున్నాడు.

మర్నాడు చుట్టాలందరూ దిగారు. పటం పంచలో గోడకు ఆనించి పెట్టారు. చూసినవాళ్ళందరూ పోయి దానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడటం, ఏందిది అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. పెద్దత్త పటం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మా నాయనకు ఏం గతి పట్టించినావు సామీ. ఎండలో నిలబెట్టి, మొగానికి నీలిమందు పూసినావు గదా."

అందరూ తలా ఒక మాట అన్నారు. నాయన తలవంచుకుని కూర్చున్నాడు. మామ ఏమీ వాదించలేదు. ఒక్క వారం గడువియ్యండి, కుర్చీలో కూర్చోబెట్టి ఎర్రగా గీసి తెచ్చిస్తా అన్నాడు. ఆ మాట విని నాకు ఆయన మీద పాత విసుగంతా తిరిగొచ్చింది. ఇన్నాళ్ళు నన్ను ఎండలో కాల్చి, అట్ట చింపి, గుద్దించుకుని, చివరికి ఇంతేనా? అడ్డం పడి ఏదో అనబోతే అమ్మ నా నోరు మూసింది.

ముందు జేజికి చూపిద్దామని ఎవరో అన్నారు. చెయ్యి పట్టుకుని తెచ్చి పటం ముందు నిలబెట్టారు. ఆమె చేత్తో తడిమింది. తడి రంగు వేళ్ళకంటింది. ముందుకు వంగి, ఒక కన్ను చికిలించి, ఇంకో కన్ను చికిలించి చూసింది. ఈడ ఏముండాదో నాకేం తెలీడంల్యా అంది. పెద్దత్త నాయన వైపు ఒక చూపు చూసింది. అయిపోయింది అనుకున్నాను. నా వల్లే పోయింది, నేను తుడిచిన చెంప వల్లే పోయింది అనుకున్నాను. అంతమందిలోనూ ఏడుపు ఆపుకోలేకపోయాను.

జేజి తన చోటికి తాను పోయి కూర్చుంది. ఆమె చోటు ముంగిలికి అవతలి పక్క, వంటింటి గడప దగ్గర. పటానికి ఎదురుగా, ముప్పై అడుగుల దూరంలో. పటం తీసి లోపల పెట్టమని నాయన ఎవరికో చెబుతున్నాడు. ఆడవాళ్ళు ఆకులు కడుగుతున్నారు. జేజి చెంగుతో వేళ్ళకంటిన రంగు తుడుచుకుంటూ తలెత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది. మెల్లగా గడప పట్టుకుని లేచి నిలబడింది. అబ్బ చేను నుంచి వస్తే ఆమె అట్లాగే లేచేది. కొంగు నెత్తిన కప్పుకుంది. ఆయన బతికినన్నాళ్ళూ ఏ గొంతుతో విసుక్కునేదో, అదే గొంతుతో అంది.

"ఎంతసేపుంటావయ్యా ఆ ఎండలో? లోపలికి రాగూడదా."

 పటం ఎత్తబోయినవాళ్ళు చేతులు తీసేశారు. మేమంతా ఒక్కొక్కరే నడిచి జేజి పక్కకు పోయి, అక్కడి నుంచి చూశాము. ఎర్రగోడ పక్కన, సాయంత్రపు ఎండలో, మా అబ్బ నల్లగా, నిగనిగలాడుతూ నిలబడి ఉన్నాడు. రంగు ముద్దలు లేవు, నీలం లేదు. చెంప ఉంది. పెద్దత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నాయనా అని కూలబడింది. మా నాయన పోయి మామ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

మామ ఆ తరువాత మళ్ళీ అట్లాంటి పటం వెయ్యలేదు, ఎవరూ అడగలేదు కూడా. రాయచోటికి పోయి మళ్ళీ అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఎర్రగా దించాడు. ఆ విసుగు నాకు ఇప్పటికీ ఉంది. జేజికి చూపు పూర్తిగా పోయింది ఇంకో రెండేళ్ళకు. ఆ రెండేళ్ళూ సాయంత్రం కాగానే గడప దగ్గర కూర్చుని, చేను సంగతులూ, కోడళ్ళ మీద చాడీలూ ఆయనకు చెప్పుకునేది.

మొన్న మా మనవరాలి పెళ్ళి ఫోటోలు తెచ్చుకుందామని స్టూడియోకు పోయాను. ఆ పిల్లకు నా రంగే వచ్చింది. ఫోటోల్లో చూస్తే సున్నం కొట్టిన గోడలాగా ఉంది, పెళ్ళికొడుకూ అట్లాగే, వెనక నిలబడ్డ నేనూ అట్లాగే. అందరూ ఇట్లే అడుగుతారు అవ్వా అన్నాడు స్టూడియో అబ్బాయి. మనవరాలు నా కొంగు లాగుతోంది, పోనీలే అవ్వా అని. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా రంగులు మాకు తిరిగిచ్చేదాకా లేవనన్నాను. గంటసేపు ఆ అబ్బాయి ప్రాణం తీశాను. చివరికి విసిగిపోయి, ఎందుకవ్వా నీకింత పట్టుదల, బాగానే ఉండారు గదా అన్నాడు.

"అందరికీ ఒకే రంగు పూసి పెడితివి. రేపు నేను పోయినాక, నన్ను ఎండలో నుంచి లోపలికి పిలవాలంటే, ఆ గుంపులో యాడ వెతుక్కుంటాది నాయనా ఈ పిల్ల?"

ఆ అబ్బాయికి ఏమర్థమైందో తెలియదు. కంప్యూటర్ వైపు తిరిగి, ముందు నా మొహం సరిచేశాడు.